గూగుల్ స్కాలర్ ప్రొఫైల్: సుబ్బారావుగారి పత్రాలతో ఒక పరిశీలన

జీవవైద్య పరిశోధకుల నియామకాలకూ పదోన్నతులకూ వచ్చే దరఖాస్తుల్లో గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ లింకు ఇప్పుడు మామూలైపోయింది. పరిశోధన పత్రాలను వెతికిపెట్టే సాధనంగా 2004లో మొదలైన ఈ ఉచిత సేవ, 2011 నుంచి పరిశోధకులు ఎవరి ప్రొఫైల్ వారు తెరుచుకునే వీలు కల్పించింది. అందులో మొత్తం సైటేషన్లు (పత్రాలకు వచ్చిన ఉదహరింపులు), హెచ్-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్ (కనీసం పదిసార్లు ఉదహరింపు పొందిన పత్రాల సంఖ్య) అనే మూడు అంకెలు కనిపిస్తాయి. హెచ్-ఇండెక్స్ 20 అంటే, ఒక్కొక్కటి కనీసం 20 సార్లు ఉదహరింపునకు నోచుకున్న పత్రాలు ఆ పరిశోధకుడికి 20 ఉన్నాయని అర్థం. 2005లో దీనిని ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ వైద్యుడు కాదు, భౌతికశాస్త్రవేత్త.

వెతుకులాటకు దీనిని మించిన ఉచిత సాధనం నాకు కనబడలేదు. ఇటువంటి సైటేషన్ లెక్కలే ఇచ్చే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌ల పూర్తి సమాచారానికి సంస్థ చందా కట్టవలసి ఉండగా, ఇక్కడ సిద్ధాంత గ్రంథాలు, ప్రీప్రింట్లు (నిపుణుల సమీక్షకు ముందే బయటపెట్టిన పత్రాలు), పుస్తకాల అధ్యాయాలు కూడా దొరుకుతాయి. అయితే ఆ విస్తృతి వల్లనే లెక్క ఉబ్బుతుంది. తన పత్రాన్ని తానే ఉదహరించుకున్నా ఆ సైటేషన్ మొత్తంలో కలిసిపోతుంది. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన సిరిల్ లాబే, కంప్యూటరు అల్లిన అర్థరహిత పత్రాలను ఒకదానినొకటి ఉదహరించేలా పేర్చి, ఐక్ అంట్కారే అనే లేని మనిషికి 94 హెచ్-ఇండెక్స్ తెప్పించి చూపారు. ఆ పేరును ఇంగ్లీషు వాక్యంలా వేగంగా పలికితే, నాకేం పట్టదని చెప్పినట్లే వినిపిస్తుంది.

లెక్క సరిగానే ఉన్నా, అది దేనిని కొలుస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారినే తీసుకుందాం. 1925లో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి, నీలిరంగు గాఢతను బట్టి ఫాస్ఫేటును లెక్కగట్టే ఆ పద్ధతి, జీవరసాయన ప్రయోగశాలల్లో తరతరాలుగా వాడుకలో ఉండడం వల్ల వేల సంఖ్యలో సైటేషన్లు పొందింది. పద్ధతిని వాడిన ప్రతివారూ దానిని పేర్కొనక తప్పదు కాబట్టి, ఇటువంటి పత్రాలు గొప్ప ఆవిష్కరణలనూ వెనక్కి నెట్టేస్తాయి. కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని ఆ ఇద్దరూ వెలికితీసిన సంగతి ఆ అంకెను చూసినవారికి తట్టదు. ఇంకా విచిత్రమేమిటంటే, లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల రక్తక్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన ప్రసిద్ధ పత్రపు రచయితల్లో సుబ్బారావుగారి పేరు లేదు. ఆ పత్రానికి వచ్చిన సైటేషన్లలో ఒక్కటి కూడా ఆయన ఖాతాలో పడదు.

వేర్వేరు రంగాల వారిని పోల్చేటప్పుడు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఉచితంగా అందించే ఐసైట్ అనే సాధనం మేలు. అది పత్రానికి వచ్చిన సైటేషన్లను అదే రంగంలోని పత్రాలతో పోల్చి ఒక నిష్పత్తి ఇస్తుంది. ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన పత్రాల్లో మధ్యస్థమైనదానికి అది 1.0. జీవవైద్య పత్రాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో నమోదైన పత్రాలకే పరిమితం కావడం దాని లోపమే అయినా, జీవవైద్యంలో అది పెద్ద అడ్డంకి కాదు.

తెలుగువారికి మరొక జాగ్రత్త అవసరం. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి, చివర రావు అనో రెడ్డి అనో రాసుకునే మన అలవాటు వల్ల ఒకరి పత్రాలు మరొకరి ప్రొఫైల్‌లో చేరే ప్రమాదం ఎక్కువ. పత్రాలు వాటంతటవే చేరిపోయే సదుపాయాన్ని ఆపి, ముందుగా ఈమెయిల్‌లో అనుమతి అడిగేలా మార్చుకోవడం మంచిది. ఒక్కో పరిశోధకుడిని విడిగా గుర్తించే పదహారు అంకెల ఆర్కిడ్ సంఖ్యను కూడా మొదటి పత్రం నుంచే వాడాలి. సుబ్బారావుగారి పేరు చివర రావు బదులు రో అని పలికే ఇంగ్లీషు అక్షరాలతో అచ్చయింది కాబట్టి, మనకు అలవాటైన అక్షరాలతో వెతికేవారికి 1925 నాటి ఆ పత్రం వెంటనే కంటబడకపోవచ్చు.