స్టీల్ బెటాలియన్ డిస్కు కొనేవాళ్ళు కాస్త ఆగండి

పాత ఎక్స్‌బాక్స్ (టీవీకి తగిలించుకునే గేమ్ మెషీన్) డిస్కులు అమ్మే మన గ్రూపు మహానుభావుడు ఎవరో మీకందరికీ తెలుసు, పేరు రాయను. ఆయన దగ్గర స్టీల్ బెటాలియన్ హెవీ ఆర్మర్ తీసుకున్నా, 1,800 రూపాయలు ముందే పంపేశా. ఎక్స్‌బాక్స్ 360ది, రెండు కాళ్ళ మీద నడిచే ట్యాంకులో కూర్చుని కాల్చే గేమ్. పోస్టులో ఏం రాశాడో గుర్తుందిగా, "డార్క్ సోల్స్ తీసినవాళ్ళ గేమ్, రివ్యూలు అదిరిపోయాయి" అని, కింద స్క్రీన్‌షాట్లు కూడా తగిలించాడు, కాక్‌పిట్‌లో నిజంగా కూర్చున్నట్టే ఉందని తెగ పొగుడుతూ.

తీరా చూస్తే ఆ పొగడ్తలు 2002లో మొదటి ఎక్స్‌బాక్స్‌కి వచ్చిన పాత స్టీల్ బెటాలియన్‌వి! అది వేరే గేమ్ మహాప్రభో. దాంతోపాటు ఓ 40 బటన్లు, రెండు జాయ్‌స్టిక్కులు, కాళ్ళ కింద మూడు పెడళ్ళు ఉన్న భారీ కంట్రోలర్ వచ్చేది, అమెరికాలో 200 డాలర్లు, ట్యాంకు పేలేలోపు బయటికి దూకే ఎజెక్ట్ బటన్ నొక్కకపోతే అప్పటిదాకా ఆడి దాచుకున్న మన సేవ్ మొత్తం ఊడ్చేసేది. జనం మెచ్చుకున్నది ఆ మొండితనాన్ని. నాకు అంటగట్టింది 2012ది, రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో వందకి 38. మా కాలేజీలో పాస్ మార్కులు కూడా 40 బాబూ.

డార్క్ సోల్స్ అనే పేరున్న గేమ్ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీయే దీన్నీ తీసిన మాట మాత్రం నిజమే, అబద్ధంలో అంత మాత్రం నిజం కలపడం ఆయనకి బాగా తెలుసు. కథ కూడా బాగుంటుంది, 2082, సిలికాన్‌ని తినేసే సూక్ష్మజీవి వచ్చి కంప్యూటర్లన్నీ పోతాయి, అందుకే ట్యాంకుల్లో మళ్ళీ లివర్లు, పెరిస్కోపులు. ఇరుకు క్యాబిన్, పక్కన అరిచే సిబ్బంది, ఈ ఊహని చాలామంది క్రిటిక్స్ మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ లివర్లు లాగాల్సింది గాల్లో చేతులు ఊపి, మన కదలికలు పట్టే కైనెక్ట్ అనే కెమెరా ముందు. ముందున్న షట్టర్ మూద్దామని చెయ్యి చాపితే ఇంకేదో తగులుతుంది, క్యాబిన్‌లో పొగ నిండిపోతుంటే అది బయటికి పంపే లివర్ దొరకదు, సిబ్బంది పోతారు. దాదాపు ప్రతి రివ్యూలో ఇదే ఏడుపు.

ఇప్పుడు అసలు సంగతి. నా దగ్గర కైనెక్ట్ లేదు. కొనే ముందే అడిగా, "అన్నా మామూలు కంట్రోలర్ చాలా?" అని. "చాలు తమ్ముడూ, హాయిగా ఆడుకో" అన్నాడు. ఆ చాట్ ఇంకా ఉంది. డిస్కు వచ్చాక చూస్తే బాక్సు పైన ఊదా రంగు పట్టీ, కైనెక్ట్ తప్పనిసరి అని! పోస్టులో ఫొటోకి ఆ పట్టీ లేదు, అంతవరకు సరిగ్గా క్రాప్ చేసి పెట్టాడు. కంట్రోలర్ కూడా కావాలి, నడవడానికి, కాల్చడానికి, అదొక్కటే చెప్పాడన్నమాట, సగం సత్యహరిశ్చంద్రుడు.

మెసేజ్ పెడితే బ్లూ టిక్కులు పడి చాలాసేపటికి రిప్లై వచ్చింది. "బాక్సు మీద రాసుంది కదా, చదువుకున్నోడివేగా?" దాని కిందే ఇంకోటి. "కైనెక్ట్ నా దగ్గరే ఉంది, 4,500, నీకైతే 4,000 కి ఇస్తా."

చదవగానే ఫోన్ విసిరికొట్టాలనిపించింది. ముందు నుంచీ ఇదే ప్లాన్ అన్నమాట! డిస్కు ఎర, కైనెక్ట్ గాలం. ఎప్పుడో తయారీ ఆపేసిన సామాను, పాతది తప్ప దిక్కులేదని ఆయనకి తెలుసు. డబ్బులు వెనక్కి అడిగితే "వాడిన డిస్కు వాపసు తీసుకోను", బ్లాక్. ఆడకుండానే వాడినోణ్ణి అయ్యా. అన్నా అన్నా అని పిలిచినందుకు నాకు బాగా అయ్యింది.

సరే, కొనేవాళ్ళు బాక్సు మొత్తం ఫొటో అడగండి, రివ్యూ స్క్రీన్‌షాట్ పంపితే అందులో సంవత్సరం చూడండి, గేమ్ ఆన్ చేసి వీడియో పంపమనండి. పంపకపోతే వదిలెయ్యండి.

ఎవరి దగ్గరైనా కైనెక్ట్ ఉండి సరదా పడితే డిస్కు 500 కి ఇచ్చేస్తా, పట్టీతో సహా ఫొటో కింద కామెంట్‌లో పెట్టా. 38 అని ముందే చెప్పా, తర్వాత నన్ను తిట్టొద్దు.