శాంథోమ్ బసిలికానా, లజ్ చర్చా?

వేలాంకణి వెళ్తూ చెన్నైలో ఆగే మనవాళ్లకి ఒక్క చర్చికే టైం ఉందంటే, మొదటిసారైతే నా ఓటు శాంథోమ్‌కే. బీచ్ దగ్గరే, తెల్లగా, పొడవాటి శిఖరంతో దూరం నుంచే కనబడుతుంది. అసలు చూడాల్సింది మాత్రం కింద ఉంది. యేసు శిష్యుడు తోమాని సమాధి చేసింది ఇక్కడేనని విశ్వాసుల నమ్మకం, ఆ సమాధి ఉన్న చిన్న మందిరానికి విడిగా దారి ఉంది, మెట్లు దిగి వెళ్లాలి, చాలామంది పైన ఫొటోలు దిగేసి అది చూడకుండానే ఆటో ఎక్కేస్తారు! ఒక్క మాట, పోర్చుగీసు కట్టడం అనుకుని వెళ్తే నిరాశే. వాళ్ల చర్చి ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది బ్రిటిష్ హయాంలో, 1896లో పూర్తయిన గోతిక్ కట్టడం.

పాతదనమే కావాలంటే మైలాపూర్‌లోని లజ్ చర్చికి వెళ్లండి. అక్కడి శాసనంలో 1516 అని ఉంటుంది. దారి తప్పిన పోర్చుగీసు నావికులకి ఒక వెలుగు ఇక్కడిదాకా దారి చూపిందని కథ, అందుకే ఇక్కడి మరియమ్మ ప్రకాశ మాత. అప్పట్లో చుట్టూ అడవట, ఇప్పుడు ట్రాఫిక్. చిన్న చర్చి, త్వరగానే చూసేయొచ్చు, తిరుమయిలై స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. జనం గోల లేకుండా కాసేపు కూర్చోవాలంటే నాకైతే ఇదే నచ్చుతుంది. ఆదివారం పొద్దున మాత్రం రెండు చోట్లా పూజలుంటాయి, చూడటానికే వెళ్లేవాళ్లు మామూలు రోజు పెట్టుకోండి.