ఎడారిలో చలికాలం: హీట్ పంప్‌తో సరే, హీట్ స్ట్రిప్‌తోనే నా గొడవ

ముందే చెప్పేస్తున్నా, నా గొడవ హీట్ పంప్‌తో, అంటే తిరగేసి నడిపితే వేడి కూడా ఇచ్చే ఏసీతో కాదు, దాని కడుపులో చడీచప్పుడు లేకుండా కూర్చున్న హీట్ స్ట్రిప్ అనే కరెంటు హీటర్‌తో.

2019లో అమెరికాలోని అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో మా ఇంటి పైకప్పు మీదున్న పాత యూనిట్ పోయింది. కొత్తది గ్యాస్‌ది పెట్టించాలా, హీట్ పంపా అని ఇద్దరు కాంట్రాక్టర్లని అడిగితే ఇద్దరూ చెరో మాట చెప్పారు. ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి తెలిసిందే, ఇక్కడ డబ్బంతా ఏసీకే పోతుంది. 2023లో అయితే వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. హీటర్‌తో పని డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిలో రాత్రుళ్లూ తెల్లవారుజాములూ, అంతే. ఏసీ ఎలాగూ కొనాలి, దాన్నే తిరగేసి నడిపితే వేడి కూడా ఇస్తుందంటే ఇంక గ్యాసెందుకని హీట్ పంప్ తీసుకున్నా.

మొదటి మూడు చలికాలాలు ఏ చింతా లేదు. నేనూ మా ఆవిడా, 68 దగ్గర పెట్టి వదిలేసేవాళ్లం. బిల్లు చూస్తే నవ్వొచ్చేది. తెలిసినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని హీట్ పంప్ తీసుకోండి" అని చెప్పాను. ఇప్పుడైతే ఒక కన్ను తెరుచుకుని తీసుకోండి అంటాను.

2022 డిసెంబరులో అనంతపురం నుంచి అమ్మ వచ్చింది. 43 డిగ్రీల సెల్సియస్ ఎండలో మిద్దె మీద వడియాలు పెట్టే మనిషి, ఇక్కడ పొద్దున్నే 40 ఫారెన్‌హీట్ చలికి, కాలు పెడితే జిల్లుమనే టైల్స్ నేలకి, రెండు స్వెట్టర్లు వేసుకుని గాలి వచ్చే చోట నిలబడేది. "ఏందిరా ఈ హీటరు, నోటితో ఊదినట్టుంది. దీనికన్నా కుంపటి నయం" అని రోజూ ఒకటే మాట. అమ్మ తప్పేం లేదు. హీట్ పంప్ గాలి చాలాసార్లు 90, 95 దగ్గరే వస్తుంది, మన ఒంటి వేడి 98. ఇల్లు నెమ్మదిగా వెచ్చబడుతుంది గానీ ఆ గాలి చేతికి తగిలితే చల్లగానే అనిపిస్తుంది. గ్యాస్ ఫర్నేస్‌లాగా మొహం మీద వేడి కొట్టదు.

సరే, అమ్మ లేచేసరికి ఇల్లు వెచ్చగా ఉండాలని థర్మోస్టాట్‌లో టైమింగులు పెట్టా. రాత్రి 62, పొద్దున ఐదున్నరకి 70. రాత్రి తగ్గిస్తే కరెంటు మిగులుతుందనే తెలివి కూడా అందులో ఉంది. మర్నాడు ఇల్లంతా దుమ్ము కాలిన వాసన, గాలి మాత్రం వేడివేడిగా. "ఇప్పుడు బాగుందిరా, నిన్నటిదాకా ఏం చేసినావు?" అంది అమ్మ. మా ఆవిడ దగ్గర కాలరెగరేశా కూడా.

జనవరి బిల్లు జులై బిల్లుకి తమ్ముడిలా వచ్చింది.

టెక్నీషియన్‌ని పిలిచా. ఏసీ గ్యాసు చూశాడు, కాయిల్ చూశాడు, మెషీన్ బ్రహ్మాండంగా ఉందన్నాడు, విజిట్ డబ్బులు తీసుకుని వెళ్లాడు. రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున కాఫీ కప్పుతో నిలబడి థర్మోస్టాట్‌ని చూస్తుంటే మూలన చిన్న అక్షరాల్లో "ఆక్స్" (ఆగ్జిలరీ, అంటే అదనపు హీటర్) అని కనిపించింది. అదీ దొంగ. ఒకేసారి 8 డిగ్రీలు పెంచమంటే హీట్ పంప్ ఒక్కదానివల్ల కాదనుకుని థర్మోస్టాట్ హీట్ స్ట్రిప్‌ని వేసేస్తోంది. మా యూనిట్‌లో అది 10 కిలోవాట్లది, అంటే మన ఊళ్లో స్నానాల గదిలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు ఐదు ఒకేసారి వేసినట్టు. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లోపలికి లాక్కొస్తుంది కాబట్టి ఇక్కడి చలికి ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. స్ట్రిప్ ఒకటికి ఒకటే. పైగా మా కరెంటు ప్లాన్‌లో చలికాలం పొద్దున 5 నుంచి 9 దాకా రేటు ఎక్కువ. సరిగ్గా ఆ టైముకే నేను ముహూర్తం పెట్టి మరీ వేయించా.

అమ్మకి నచ్చిన వేడి హీట్ పంప్‌ది కాదు, ఆ ఐదు గీజర్లది. ఇది ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు.

నాకు కోపం ఎక్కడంటే, ఇంత తినే వస్తువు ఆన్ అయినప్పుడు ఒక్క ముక్క గట్టిగా చెప్పదు. పెట్టినవాళ్లూ చెప్పలేదు, చూడ్డానికొచ్చినవాడూ చెప్పలేదు. మాన్యువల్ తిరగేసి, బయట 35 కంటే తగ్గితే తప్ప స్ట్రిప్ రాకుండా సెట్టింగ్ మార్చా. చాండ్లర్‌లో 35 కంటే కిందకి పోయే రాత్రులు తక్కువే. టైమింగులు తీసేసి రాత్రీ పగలూ 68లోనే ఉంచా. బిల్లు మళ్లీ దారికొచ్చింది, గాలి మళ్లీ నోటితో ఊదినట్టే ఉంది.

ఇంకోటి, వాన పడ్డాక చలి రాత్రుల్లో పైకప్పు మీంచి తెల్లటి ఆవిరి లేస్తే కంగారు పడకండి, బయటి కాయిల్‌కి పట్టిన మంచుని అదే కరిగించుకుంటోంది. మేం ఒకసారి నిప్పంటుకుందని పరిగెత్తాం.

ఇప్పుడు మళ్లీ కొనాల్సొస్తే? మా ఇద్దరికే అయితే హీట్ పంపే. ఇంట్లో పెద్దవాళ్లో పసిపిల్లలో ఉండి, గ్యాస్ లైను ముందే ఉంటే నేనైతే కాస్త ఆలోచిస్తా. ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉన్నవాళ్లు నా మాట అసలు లెక్కలోకి తీసుకోకండి, అదీ అరిజోనానే గానీ దాదాపు 7 వేల అడుగుల ఎత్తు, మంచు కురిసే ఊరు.

ఈ డిసెంబరుకి అమ్మ మళ్లీ వస్తోంది. ఆమె గదికి 1500 వాట్ల చిన్న హీటర్ కొన్నా. "పాత హీటరు పాడైందా?" అని ఫోన్లో అడిగింది. ఆఁ, కొంచెం పాడైందిలే అన్నా.