విజయనగరంలో పాత పెట్రోలు కారుకు ఫ్యూయల్ ఫిల్టరు మార్చే షెడ్డు: నా అభిప్రాయం

విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, రేకుల కప్పుతో రెండు వైపులా తెరిచి ఉండే ఒక చిన్న మెకానిక్ షెడ్డు గురించి రాస్తున్నాను. మా 2003 మోడల్ ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటరు బదులు ఇంజెక్టర్ల ద్వారా ఇంజనుకు పెట్రోలు అందించే) కారు చదునైన రోడ్డు మీద బాగానే నడుస్తున్నా, సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ పడిపోయి ఈడ్చుకుంటూ వెళ్తుండటంతో, ఫ్యూయల్ ఫిల్టరు మార్పించడానికి అక్కడికి తీసుకువెళ్లాను. చిన్న పనే అయినా, ఒక్క చుక్క పెట్రోలు నేల మీద పడకుండా చేయడం ఎంత ఓర్పుతో కూడిన విషయమో అక్కడ దగ్గరుండి చూశాను.

ఇంతకు ముందు పట్టణంలోనే మరోచోట ఇదే పని చేయించినప్పుడు, కుర్రాడు కారు కిందికి దూరి నేరుగా పైపు లాగేయడంతో పెట్రోలు చిమ్మి నేలంతా తడిసింది; పక్కనే వైరుకు వేలాడే బల్బు వెలుగుతూనే ఉంది. కార్బురేటరు బండ్లలో పెట్రోలు ఒత్తిడి నామమాత్రంగా ఉంటుంది కాబట్టి ఆ అలవాటు చెల్లిపోయింది గానీ, ఎంపీఎఫ్‌ఐ బండ్లలో పంపు సుమారు మూడు బార్ల ఒత్తిడితో పెట్రోలును నెడుతుంది, ఇంజను ఆపినా ఆ ఒత్తిడి చాలాసేపు పైపులోనే నిలిచి ఉంటుంది. పైగా పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. పైకి పోకుండా నేలబారునే పాకి, ఎక్కడ నిప్పురవ్వ ఉంటే అక్కడ అంటుకుంటుంది.

ఈ షెడ్డు మేస్త్రీ గారు పానా పట్టుకోక ముందే చాలా పని చేశారు. ఇంజను పూర్తిగా చల్లారే వరకు ఆగి, పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, బండిని స్టార్టు చేసి అది తనంతట తానే ఆగిపోయే దాకా నడవనిచ్చి, ఆ తర్వాత మరోసారి సెల్ఫ్ కొట్టి పైపులో మిగిలిన ఒత్తిడిని కూడా దింపేశారు. ట్యాంకు మూత తిప్పి లోపలి ఆవిరిని వదిలి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పక్కకు పెట్టారు. అప్పుడు గానీ బండి జాకీ మీదికి, ఆపై స్టాండ్ల మీదికి ఎక్కలేదు.

ఫిల్టరు ట్యాంకు కంటే దిగువన ఉంటుంది కనుక ఒత్తిడి లేకపోయినా ట్యాంకు వైపు నుంచి పెట్రోలు కారుతూనే ఉంటుంది. అందుకని ఆ వైపు రబ్బరు పైపును చివర్లు నునుపుగా ఉన్న క్లాంపుతో బిగించి, కింద ఇనుప ట్రే ఉంచి, జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి, ఒక పానాతో ఫిల్టరును కదలకుండా పట్టుకుని రెండో పానాతో నట్టును మెల్లగా వదులు చేశారు. ట్రేలో పడింది ఒక టీ గ్లాసుకు మించలేదు. పాత ఫిల్టరును ట్యాంకు వైపు నుంచి తెల్లటి గుడ్డ మీద వంచితే తుప్పు రంగు మడ్డి దిగింది. ఘాట్ మీద బండి ఎందుకు మొరాయించిందో చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

కొత్త ఫిల్టరు మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉండేలా అమర్చి, వాషర్లు కొత్తవి వేశారు. రబ్బరు పైపు చివర పగుళ్లు చూపించి, "ఇది కూడా మార్చేద్దామండి బాబూ, ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు" అన్నారు. ఆయన మాట నిజమే. బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత కార్ల రబ్బరు త్వరగా పాడవుతుంది, ట్యాంకు అడుగున పేరుకున్న మురికి కూడా కదిలి ఫిల్టరుకు చేరుతుంది. చివరకు ఫ్యూజు, బ్యాటరీ కలిపి, సెల్ఫ్ దాకా తిప్పకుండా తాళాన్ని కొన్నిసార్లు ఆన్ చేసి ఆపుతూ పైపును నింపి, టార్చి వెలుగులో ప్రతి జాయింటూ వేలితో తడిమి చూశాకే స్టార్టు చేశారు.

లోపాలూ ఉన్నాయి. రాతపూర్వకమైన బిల్లు ఇవ్వరు. మంటలార్పే సిలిండరు ఉంది గానీ దాని గేజు గోడ వైపు తిరిగి ఉంది. అది అందరికీ కనిపించేలా ఉండాలని ఆయనకు చెప్పాను, వెంటనే తిప్పి పెట్టారు. సామాను ఆయన దగ్గర దొరకదు కాబట్టి ఫిల్టరు, వాషర్లు, ఇంజెక్షన్ ఒత్తిడికి తట్టుకునే పైపు, క్లిప్పులు మనమే కొని తీసుకువెళ్లాలి. మజూరీ మిగతా చోట్ల కంటే కొంత ఎక్కువ, పనికి సమయమూ ఎక్కువే పడుతుంది. అది నాకు సబబుగానే తోచింది.

వెళ్లదలచినవారు ముందు రోజే మాట్లాడుకుని, ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు మించకుండా చూసుకుని, ఉదయం పూటే బండి అప్పగించడం మేలు.