కొండ వానను ముందుగా పట్టేది ఏది: రాడారా, ఉపగ్రహమా, వర్షమాపకమా?

కొండల్లో కుండపోత ఒకే తీరులో రాదు. అది ఏ తీరు వానో తెలియకుండా సాధనం ఎంచుకుంటే డబ్బు పోతుంది, హెచ్చరికా అందదు.

తేమగాలి వాలుకు తగిలి పైకెక్కుతూ గంటల తరబడి కురిపించే వాన ఒక రకం. ఈ మేఘం పొట్టిది. చినుకులు వాలును ఆనుకున్న కిందిపొరలోనే లావెక్కుతాయి. ఉపగ్రహం ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే వేడిని పట్టే కిరణాల్లో, చూసేది మేఘం నెత్తిని. అది బాగా చల్లగా ఉంటేనే పెద్ద వానగా లెక్కగడుతుంది కాబట్టి ఇక్కడ బోల్తా పడుతుంది. రాడార్‌దీ ఇంచుమించు ఇదే చిక్కు. అర డిగ్రీ కోణంలో వదిలిన కిరణం 100 కి.మీ. వెళ్లేసరికి దాదాపు ఒకటిన్నర కి.మీ. ఎత్తున ఉంటుంది. మధ్యలో శిఖరం అడ్డొస్తే దాని వెనక లోయంతా తెరపై ఖాళీ. ఆ ఖాళీ చూసి వాన లేదనుకుంటే ప్రాణాలు పోతాయి.

ఉరుముల మేఘం సంగతి వేరు. పైగాలి బలహీనంగా ఉంటే అది ఒకే లోయ మీద తిష్ఠవేస్తుంది. 1976 జూలై 31న కొలరాడోలోని బిగ్ థాంప్సన్ లోయలో జరిగిందదే: కొన్ని గంటల్లోనే సుమారు 300 మి.మీ. దీనికి రాడారే మేలు. మేఘం కదులుతోందో లేదో నిమిషాల మీద చెబుతుంది. ఒంటరి వర్షమాపకాన్ని ఇక్కడ నమ్మలేం. 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్‌ను వరద ముంచెత్తితే, అక్కడి వర్షమాపకంలో పడింది 12.8 మి.మీ. మాత్రమే.

అయినా ఒక్క రకం సాధనమే పెట్టగలిగితే మా ఓటు వర్షమాపకాలకే, అదీ వాగు పుట్టే ఎగువన మూడు నాలుగు చోట్ల. శిఖరం అంచున వద్దు, గాలికి చినుకులు పక్కకు కొట్టుకుపోతాయి. కాస్త దిగువన, చెట్టుకు దాని ఎత్తుకు కనీసం రెండు రెట్ల దూరంలో పెట్టాలి.

వానాకాలం ముందు పరీక్ష తప్పనిసరి. వర్షమాపకం పైన ఉండే 20 సెం.మీ. వ్యాసం గరాటుకు 314 మి.లీ. నీళ్లంటే 10 మి.మీ. వాన. వాటిని అరగంటపాటు సన్నధారగా పోస్తే, లోపల ప్రతి 0.2 మి.మీ. వానకూ ఒకసారి ఒరిగి లెక్కపెట్టే చిన్న బకెట్ 50 సార్లు ఒరగాలి. గబగబా పోస్తే ఒరిగే క్షణంలో నీళ్లు జారిపోయి లెక్క తగ్గుతుంది, జడివానలోనూ అంతే. వాన వెలిశాక కూడా చాలాసేపు బకెట్ ఆగి ఆగి ఒరుగుతుంటే గరాటులో ఆకులు అడ్డుపడ్డాయన్నమాట.