గేమింగ్ మానిటర్: 1 మిల్లీసెకను స్టిక్కర్ వెనక ఏముంది

మానిటర్ కొనాలనుకుంటే ముందు చూసుకోవాల్సింది గ్రాఫిక్స్ కార్డు. మీరు ఎక్కువగా ఆడే ఆటలో, మీకు నచ్చిన సెట్టింగ్స్‌లో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో ఆటలోని కౌంటర్‌లో గానీ, స్టీమ్ (ఆటలు కొని ఆడుకునే యాప్) ఓవర్‌లేలో గానీ చూడండి. సగటు అంకెతో పని జరగదు. పోరు హోరాహోరీగా సాగుతూ తెరంతా పొగ, పేలుళ్ళతో నిండినప్పుడు ఫ్రేములు ఎంతకు పడిపోతున్నాయన్నదే లెక్క. ఎంత మంచి మానిటరైనా కార్డు ఇవ్వని ఫ్రేముల్ని చూపించలేదు. 70 ఫ్రేములు దాటని కంప్యూటర్‌కు 240 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 240 సార్లు బొమ్మ మార్చేది, తగిలిస్తే డబ్బు దండగే.

రిజల్యూషన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 1080పి తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళుంటాయి, 1440పిలో 36.9 లక్షలు, 4కెలో 82.9 లక్షలు. అంటే 4కె మానిటర్ కొంటే ప్రతి ఫ్రేముకూ కార్డు 1080పి కంటే నాలుగు రెట్లు పిక్సెళ్ళు గీయాలి. ఫ్రేములు సరిగ్గా నాలుగో వంతుకు పడిపోతాయని కాదు, ప్రాసెసర్ మీద పడే భారం అంతగా మారదు కాబట్టి. తక్కువ పిక్సెళ్ళతో గీసి బొమ్మను పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ కొంత ఆదుకుంటుంది కూడా. అయినా మధ్యస్థాయి కార్డుతో 4కెలో పెద్ద ఆటలు ఆడాలంటే సెట్టింగ్స్ తగ్గించుకోక తప్పదు.

రిజల్యూషన్‌ను తెర సైజుతో కలిపే చూడాలి. 24 అంగుళాల 1080పి తెరలో అంగుళానికి 92 పిక్సెళ్ళు పడతాయి, అది బాగానే ఉంటుంది. అదే 1080పిని 27 అంగుళాలకు సాగదీస్తే 82కు పడిపోతుంది. అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి, ఆటలో దూరంగా నిలబడిన శత్రువు నాలుగు చుక్కల ముద్దలా తేలతాడు. 27 అంగుళాల 1440పిలో 109 వస్తాయి. 32 అంగుళాల 1440పి మళ్ళీ 92 దగ్గరికే దిగుతుంది కాబట్టి కాస్త వెనక్కి జరిగి కూర్చునే వాళ్ళకే అది నప్పుతుంది. 32 అంగుళాల 4కెలో 138, చూడముచ్చటగా ఉంటుంది, కార్డుకు ఆ సత్తా ఉంటే. పోటీ షూటర్లూ కథాప్రధానమైన ఆటలూ రెండూ ఆడేవాళ్ళలో ఎక్కువమందికి మా సిఫార్సు 27 అంగుళాల 1440పి, 144 నుంచి 180 హెర్ట్జ్ మధ్య రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర బొమ్మ మార్చే లెక్క).

ఆ హద్దు ఊరికే పెట్టింది కాదు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ తెర మీద 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది. 144లో 6.9, 240లో 4.2, 360లో 2.8. 60 నుంచి 144కి వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి మూడు కూడా రావు, 240 నుంచి 360కి ఒకటిన్నర లోపే. మొదటి మెట్టు ఎవరికైనా కళ్ళకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, మౌస్ కదిపితే చాలు. తర్వాతి మెట్లు కౌంటర్ స్ట్రైక్ 2, వాలొరంట్ లాంటివి పట్టుదలగా ఆడేవాళ్ళకే పనికొస్తాయి. ఆ ఆటలు కార్డు మీద పెద్ద భారం వేయవు కాబట్టి 240 ఫ్రేములు అందుకోవడమూ తేలికే. సైబర్‌పంక్ 2077ను రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల్ని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు గీసే పద్ధతి) పెట్టి ఆడేవాళ్ళు ఆ డబ్బు ప్యానెల్ మీద పెట్టడం మేలు.

ఇక పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే 1 మిల్లీసెకను సంగతి. మానిటర్ ఎంపికలో జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పిక్సెల్ ఒక బూడిద ఛాయ నుంచి ఇంకో ఛాయకు మారడానికి పట్టే కాలాన్ని రెస్పాన్స్ టైమ్ అంటారు. వందల రకాల మార్పుల్లో అన్నిటికంటే వేగంగా జరిగే ఒక్కదాన్ని తీసుకుని, ఓవర్‌డ్రైవ్‌ను ఆఖరి మెట్టుకు పెట్టి కొలిచి ఆ అంకె అచ్చు వేయడం మామూలే. ఓవర్‌డ్రైవ్ అంటే పిక్సెల్ త్వరగా మారేలా దానికి అవసరానికి మించిన వోల్టేజీ ఇవ్వడం. హద్దు మీరితే పిక్సెల్ చేరాల్సిన ఛాయను దాటిపోయి వెనక్కి వస్తుంది. బూడిద రంగు గోడ ముందు నుంచి ముదురు రంగు దుస్తుల్లో ఒకడు పరుగెడుతుంటే వాడి వెనక సన్నని తెల్ల అంచు పాకుతూ కనిపిస్తుంది, అదే ఆ లోపం. దాదాపు అన్ని మానిటర్లలోనూ ఆఖరి మెట్టుకు ఒకటి రెండు మెట్లు కిందున్న సెట్టింగే వాడుకోదగ్గది. 144 హెర్ట్జ్ తెరకు కావాల్సిందల్లా ఎక్కువ భాగం మార్పులు 6.9 మిల్లీసెకన్లలోపు ముగియడం. రివ్యూ చదివేటప్పుడు సగటు రెస్పాన్స్ టైమ్, ఓవర్‌షూట్ (ఛాయను దాటిపోయే ఆ లోపం) రెండూ పక్కపక్కన కొలిచి చూపించారా అని చూడండి. ఒకటే ఇస్తే ఆ కొలతతో ఏమీ తేల్చుకోలేరు.

స్టిక్కర్ మీద ఎంపీఆర్‌టీ (కదిలే బొమ్మకు కొలిచిన రెస్పాన్స్ టైమ్) అని ఉంటే అది వేరే లెక్క. ఫ్రేముకు ఫ్రేముకు మధ్య బ్యాక్‌లైట్‌ను ఆర్పి వెలిగిస్తే కదలికలో మసక తగ్గుతుంది, స్ట్రోబింగ్ అనే ఆ పద్ధతిలో వచ్చిన అంకె అది. నిజంగానే పనిచేస్తుంది. మామూలు తెర మీద సెకనుకు 960 పిక్సెళ్ళ వేగంతో కదిలే వస్తువు 60 హెర్ట్జ్‌లో 16 పిక్సెళ్ళ మేర మసకబారితే, 240లో నాలుగుకు తగ్గుతుంది. స్ట్రోబింగ్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. కానీ వెలుగు బాగా పడిపోతుంది, చాలా మానిటర్లలో వేరియబుల్ రిఫ్రెష్ రేటు (వీఆర్ఆర్, ఫ్రేములకు తగ్గట్టు తెర వేగం మారే సదుపాయం) ఆగిపోతుంది, ఫ్రేములు రిఫ్రెష్ రేటుకు సరిగ్గా సరిపోకపోతే ఒక్కో వస్తువు రెండేసిగా కనిపిస్తుంది. కొందరికి కళ్ళు లాగుతాయి కూడా.

ప్యానెల్ రకం ఎంచుకోవడమంటే ఏ లోపంతో సర్దుకుపోగలరో తేల్చుకోవడమే. ఐపీఎస్, వీఏ, టీఎన్ మూడూ వెనక బ్యాక్‌లైట్ ఉండే ఎల్‌సీడీ రకాలు. ఐపీఎస్‌లో రంగులు నిక్కచ్చిగా ఉంటాయి, పక్క నుంచి చూసినా మారవు. కాంట్రాస్ట్ (తెలుపు వెలుగు నలుపుకు ఎన్ని రెట్లన్న లెక్క) మాత్రం సాధారణంగా 1000:1 దరిదాపుల్లోనే ఉంటుంది. చీకటి గదిలో నల్ల సన్నివేశం బూడిద రంగులోకి దిగుతుంది, మూలల్లో పలచని మెరుపు తేలుతుంది. పగలు, లేదా లైటు వేసుకుని ఆడేవాళ్ళకు అది పట్టదు. వీఏలో కాంట్రాస్ట్ సాధారణంగా 3000:1 దరిదాపుల్లో ఉంటుంది, నలుపు నలుపులా ఉంటుంది. దాని జబ్బు ముదురు ఛాయల మధ్య మార్పులు నత్తనడక నడవడం. రాత్రి సన్నివేశంలో కెమెరా తిప్పితే చెట్ల నీడలు సిరా అలికినట్టు సాగుతాయి. సామ్‌సంగ్ 2020లో తెచ్చిన ఒడిస్సీ జీ7 ఈ జబ్బును చాలామేరకు నయం చేసింది. 240 హెర్ట్జ్ వీఏ అది. తక్కువ ధర వీఏ తెరల్లో ఆ వేగం ఆశించకండి. జీ7 తెర 1000ఆర్ వంపు తిరిగి ఉంటుంది, అంటే ఒక మీటరు వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ముక్క. ఆటలకు బాగుంటుంది గానీ గీతలు, ప్లాన్లు గీసే పని కూడా అదే తెర మీద చేయాలంటే చిరాకు పెడుతుంది. టీఎన్ ప్యానెళ్ళకు వేగం తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు, పోటీలకు సాధన చేసేవాళ్ళకు వదిలేద్దాం.

ఓఎల్ఈడీ ఈ గొడవలన్నిటికీ అవతల ఉంటుంది. ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది, ఆరితే పూర్తిగా ఆరిపోతుంది, మారడానికి మిల్లీసెకనులో చిన్న వంతు చాలు. 2022లో వచ్చిన ఏలియన్‌వేర్ ఏడబ్ల్యూ3423డీడబ్ల్యూ క్యూడీ-ఓఎల్ఈడీ (క్వాంటం డాట్ పొర కలిపిన ఓఎల్ఈడీ) ప్యానెల్‌ను మానిటర్లలోకి తెచ్చింది. 34 అంగుళాలు, 3440x1440, 175 హెర్ట్జ్. ఆ తెర మీద చీకటి గుహలో వెలిగించిన కాగడా చూశాక ఐపీఎస్ తెర మీద కన్ను నిలవదు. దానికీ షరతులున్నాయి. ఉప పిక్సెళ్ళ (ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల) అమరిక వేరు కావడంతో అక్షరాల అంచుల్లో రంగు చార కనిపిస్తుంది. గదిలో లైటు పడితే క్యూడీ-ఓఎల్ఈడీ నలుపు కాస్త ఊదా ఛాయకు తిరుగుతుంది. బర్న్-ఇన్ భయం ఎలాగూ ఉంది: టాస్క్‌బార్, ఆటలో కదలకుండా ఉండే హెల్త్ బార్ లాంటివి రోజూ గంటల తరబడి ఒకేచోట ఉంటే వాటి జాడ శాశ్వతంగా పడిపోవచ్చు. వారంటీలో బర్న్-ఇన్ అన్న మాట స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి. రోజుకు ఎనిమిది గంటలు ఆఫీసు పనికీ, రాత్రి రెండు గంటలు ఆటకీ ఒకటే తెర అయితే మా ఓటు ఐపీఎస్‌కే.

వేరియబుల్ రిఫ్రెష్ రేటు లేని గేమింగ్ మానిటర్ ఎంత చవకగా వచ్చినా వద్దు. ఫ్రేములు 90, 110, 75 అంటూ ఊగుతుంటే తెర కూడా వాటి వెంటే తన వేగం మార్చుకుంటుంది. బొమ్మ అడ్డంగా చిరగదు, కుదుపులు తగ్గుతాయి. ఎన్‌విడియా దీన్ని జీ-సింక్ అంటుంది, ఏఎండీ ఫ్రీసింక్ అంటుంది. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా ఫ్రీసింక్‌కు ఆధారమైన అడాప్టివ్-సింక్ తెరలతో పనిచేస్తున్నాయి కాబట్టి కార్డు ఏదన్నది ఇప్పుడు అడ్డంకి కాదు. చూడాల్సింది రేంజి, అంటే ఎన్ని హెర్ట్జ్ నుంచి ఎన్ని దాకా ఇది పనిచేస్తుందన్నది. 48–144 అని ఉంటే, ఫ్రేములు 40కి పడినప్పుడు ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపించి తెర 80 హెర్ట్జ్‌లో నడుస్తుంది. 48–75 తెరలో ఈ ఉపాయం పారదు, 40కి రెట్టింపు 75 దాటిపోతుంది గనక. కింది అంకెకు పై అంకె రెండు రెట్లకు మించి ఉండాలి.

ఇందులోనూ ఒక తిరకాసుంది. చాలా మానిటర్లలో ఓవర్‌డ్రైవ్‌ను పై రిఫ్రెష్ రేటుకు తగ్గట్టే కుదురుస్తారు. ఫ్రేములు 60కి దిగినప్పుడు అదే సెట్టింగ్‌తో తెల్ల అంచులు పుట్టుకొస్తాయి. అన్ని వేగాలకూ ఒకే సెట్టింగ్ సరిపోయే మానిటర్ దొరికితే మిగతా హంగులు తక్కువైనా తీసుకోవచ్చు. వీఏ, ఓఎల్ఈడీ తెరల్లో ఫ్రేములు తటాలున పడి లేచినప్పుడు ముదురు ఛాయలు మినుకుమినుకుమంటాయి, లోడింగ్ స్క్రీన్లలో మరీను. ఆటలోనే ఫ్రేములకు పరిమితి పెట్టడం దీనికి మంచి మందు. 144 హెర్ట్జ్ తెరకు 140 లేదా 141 దగ్గర కట్టేస్తే పై హద్దు తగలకుండా ఉంటుంది, లాగ్ (మౌస్ నొక్కాక తెర మీద కనిపించేదాకా పట్టే ఆలస్యం) కూడా పెరగదు.

హెచ్‌డీఆర్ (బాగా వెలుగునూ బాగా చీకటినీ ఒకే బొమ్మలో చూపించే పద్ధతి) విషయంలో మా మాట కటువుగానే ఉంటుంది. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్రకు లోకల్ డిమ్మింగ్ (బ్యాక్‌లైట్‌ను జోన్లుగా విడగొట్టి విడివిడిగా తగ్గించడం) అక్కర్లేదు, గరిష్ఠ వెలుగు 400 నిట్లు (వెలుగుకు కొలమానం) ఉండాలన్నదే అందులో ప్రధాన షరతు. వెలుగూ చీకటీ పక్కపక్కన చూపించలేని తెరలో హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది, ఆఫ్‌లో పెట్టడమే నయం. అంచు నుంచి వెలిగే కొద్దిపాటి జోన్లతో 600 ముద్ర తెచ్చుకున్నవీ అంతంత మాత్రమే. ఈ సదుపాయం కోసమే కొంటుంటే వందల జోన్లున్న మినీ-ఎల్ఈడీ గానీ, ఓఎల్ఈడీ గానీ తీసుకోవాలి. మినీ-ఎల్ఈడీలో నల్ల ఆకాశంలోని చందమామ చుట్టూ పలచని వెలుగు వలయం కనిపిస్తుంది, జోన్లు పెరిగే కొద్దీ అది తగ్గుతుంది.

పోర్టుల దగ్గర తొందరపడితే తర్వాత తల పట్టుకోవాల్సి వస్తుంది. కంప్యూటర్‌కైతే డిస్‌ప్లేపోర్ట్ వాడండి, 1.4 రకం 1440పి 240 హెర్ట్జ్‌ను మోస్తుంది. హెచ్‌డీఎంఐ 2.0కి సెకనుకు 18 గిగాబిట్లే హద్దు, పూర్తి రంగులతో 4కె అయితే 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కన్సోల్‌తో 4కెలో 120 హెర్ట్జ్ కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి. ఆ పేరు పెట్టుకుని లోపల పాత వేగమే ఇచ్చే మానిటర్లున్నాయి, నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి కూడా. అందుకని వెర్షన్ నంబరు అడక్కుండా, హెచ్‌డీఎంఐ మీద ఏ రిజల్యూషన్‌కు ఎన్ని హెర్ట్జ్ వస్తుందో మాన్యువల్‌లో చూడండి. ప్లేస్టేషన్ 5 ఫ్రీసింక్‌ను పట్టించుకోదు, దానికి హెచ్‌డీఎంఐ వీఆర్ఆరే కావాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కు రెండూ నడుస్తాయి.

స్టాండు ఎత్తు మారకపోతే వేరే స్టాండుకు బిగించుకోవడానికి వెనక 100x100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలైనా ఉండాలి, మెడనొప్పికి ఏ రిఫ్రెష్ రేటూ మందు కాదు. స్పీకర్లు, వెనక రంగుల లైట్లు లెక్కలోకి తీసుకోకండి.

మానిటర్ ఇంటికి రాగానే కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు పెట్టండి. ఆ పైన విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసలో వెళ్ళి రిఫ్రెష్ రేటు మార్చండి. చాలాసార్లు అది 60 దగ్గరే ఉంటుంది, నెలల తరబడి అలాగే ఆడేసేవాళ్ళున్నారు. ఎక్కువ హెర్ట్జ్ అక్కడ కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. మానిటర్ మెనూలో అడాప్టివ్-సింక్, డ్రైవర్ ప్యానెల్‌లో జీ-సింక్ లేదా ఫ్రీసింక్, రెండుచోట్లా ఆన్ చేయాలి. బ్రైట్‌నెస్ ఫ్యాక్టరీలో పెట్టినంత అక్కర్లేదు, తెల్లని పేజీ గదిలోని తెల్ల కాగితమంత వెలిగితే చాలు.

మొదటి రాత్రే లైట్లు ఆర్పి తెరంతా నల్లబొమ్మ పెట్టి మీటరు దూరం నుంచి చూడండి. తల కదిపితే మారే మెరుపు ఐపీఎస్ స్వభావం. తల కదిపినా అంచు దగ్గర కదలకుండా ఉండే పసుపు మచ్చ బ్యాక్‌లైట్ కారడం, అది మరీ ఎక్కువగా ఉంటే మార్పించుకోవాల్సిన లోపం. ఆ వెంటనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు తెరలు ఒక్కొక్కటిగా పెట్టి చచ్చిన పిక్సెళ్ళు వెతకండి. ఒకటి రెండు ఉన్నంత మాత్రాన వారంటీ కింద మార్చని కంపెనీలు చాలా ఉన్నాయి, కారణం అడగకుండా వాపసు తీసుకునే దుకాణమైతే గడువు లోపల తిరిగి ఇచ్చేయవచ్చు. అందుకే ఆ గడువు ఎన్ని రోజులో కొనకముందే అడగండి, అది ముగిసేదాకా పెట్టె, లోపలి థర్మోకోల్ పారేయకండి.