పాత కారు డోర్ హ్యాండిల్: ఒకే సరుకు ఒకసారి పద్నాలుగు నెలలు, ఇంకోసారి మూడేళ్లు

మా కారుకి డ్రైవరు వైపు బయటి హ్యాండిల్ రెండుసార్లు మార్చాం. రెండుసార్లూ రాజోలులో అదే కొట్టు, అదే డూప్లికేట్ సరుకు, ధర కూడా నాలుగు వందల లోపే. మొదటిది పద్నాలుగు నెలలకి విరిగింది. రెండోది మూడేళ్లు దాటినా ఉంది. మొదటిది వేయించిన కొత్తలో "కంపెనీది ఎందుకండీ దండగ, ఇది చాలు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట అంత తేలిగ్గా అనలేను. ఎందుకనలేనో చెప్పాలంటే రేవు దగ్గర్నుంచి మొదలెట్టాలి.

2021 అక్టోబరు. అమ్మకి కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు, నర్సాపురంలో డాక్టరుకి చూపించాలి. చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి వెళ్లొచ్చు గానీ, సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని కూడా ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటగానే ఊరు. టిక్కెట్టు కోసం నేను దిగాను, కాళ్లు తిమ్మిరెక్కాయని అమ్మా దిగింది. ఇంతలో వాన అందుకుంది. పంటు మీంచి "కారు రానివ్వండి, రానివ్వండి" అని కేకలు. పరిగెత్తుకొచ్చి, అప్పటికింకా మార్చని పాత హ్యాండిల్‌ని పైకి లాగాను. ఫట్‌మని విరిగి చేతిలోకొచ్చేసింది.

ఎడమ తలుపులోంచి దూరి, గేరు రాడ్డు మీంచి కాలు దాటించి నా సీట్లోకి వెళ్లాలి. నేను అటు చేరేదాకా అమ్మ ఎక్కడానికి లేదు. వెనకాల ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఆవిడ పట్టేసిన భుజంతో, కొంగు నెత్తిన కప్పుకుని, ఆ వానలో నిలబడే ఉంది. అది నేను మర్చిపోలేను. ఆ తర్వాత నెలరోజులు ఎక్కడ ఆగినా, నేను మళ్లీ ఎక్కాలంటే ఆవిడే ఎడమ సీట్లోంచి ఆ కుడి చెయ్యే చాపి నా తలుపు తీసేది. "నాకు పర్లేదులేరా" అంటూ తీసేది. ఈలోగా రెండు ముద్దలు కలిపి అంటించే సీలు పెట్టి చూశాను. పూర్తిగా ఆరనిచ్చినా రెండు రోజులు నిలవలేదు. హ్యాండిల్ తిరిగే ఇరుసు దగ్గర చెవి విరిగితే అతుకులు ఆగవు, బరువంతా పడేది అక్కడే.

నవంబరులో మెకానిక్కు చేత కొత్తది వేయించాను. అరగంట పని. పైన చెప్పిన పొగడ్తలన్నీ ఆ వారంలోవే.

2023 కనుమ నాడు, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరబోతుంటే అదీ అదే చెవి దగ్గర విరిగింది. పండక్కి మెకానిక్కులు లేరు, స్పేర్ పార్టుల కొట్టు లేదు. కోపం పట్టలేక ఆ సాయంత్రం తలుపు నేనే విప్పాను. నా అభిప్రాయం మారింది అక్కడే.

విప్పడం అనుకున్నంత కష్టం కాదు. లోపలి హ్యాండిల్ వెనక ఒక మర, చెయ్యి ఆనించుకునే దగ్గర రెండు మరలు. అద్దం తిప్పే హ్యాండిల్‌కి మర ఉండదు, వెనక తీగ క్లిప్పు ఉంటుంది. పాత పంచె గుడ్డ సందులో పెట్టి అటూ ఇటూ లాగితే అది ఊడొస్తుంది. ఎగిరి ఎక్కడో పడుతుంది, చూసుకోవాలి. తర్వాత డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు పలక) అంచుల్లో ప్లాస్టిక్ బొత్తాలు ఒక్కొక్కటీ ఊడదీయాలి. ప్యాడ్ వెనక నల్ల జిగురుతో అంటించిన ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. దాన్ని చింపకూడదు. అద్దం పక్క రబ్బరు సందులోంచి ప్రతి వానకీ తలుపు లోపలికి నీళ్లు దిగుతూనే ఉంటాయి, దిగి అడుగున చిన్న కంతల్లోంచి పోతాయి. ఆ నీళ్లు ప్యాడ్‌కి తగలకుండా కాపాడేది ఆ కాగితమే. మా తలుపుకి అడుగు కంతలు మట్టితో పూడుకుపోయి ఉన్నాయి. పుల్ల పెట్టి పొడిస్తే కప్పు నిండా నీళ్లు కారాయి.

అద్దం ముందే పూర్తిగా పైకి ఎత్తేసి ఉంచి, పది నంబరు గొట్టం పానాతో రెండు నట్లు తీస్తే హ్యాండిల్ వదులవుతుంది. దాన్నుంచి లోపలి లాకుకి సన్నటి రాడ్డు వెళ్తుంది, చివర చిన్న ప్లాస్టిక్ క్లిప్పు. విరిగిన ముక్క తీసేసి, స్క్రూడ్రైవరుతో లాకు నాలుకని మూసి, ఆ రాడ్డుని వేళ్లతో లాగి చూశాను. రాలేదు. పట్టకారతో బలంగా లాగితే అప్పుడు తెరుచుకుంది. వెనక తలుపు మేం పెద్దగా వాడం, దాని హ్యాండిల్‌ని ఒక్క వేలితో ఎత్తితే తీసేస్తుంది. అప్పుడర్థమైంది, హ్యాండిల్ తనంతట తను విరగలేదు. లాకులో 2009 నాటి గ్రీజు ఎండి, దుమ్మూ తుప్పూ కలిసి మైనంలా పేరుకుంది. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పు గాలి ఉండనే ఉంది. ఆ బిగుతునంతా రోజూ చేత్తో గుంజుతూ ఆ చిన్న చెవి మీద వేస్తూ వచ్చాను. కొద్దికొద్దిగా బిగుసుకుంది కాబట్టి చేతికి తెలియలేదు. మొదటిసారి మెకానిక్కు లాకు జోలికి వెళ్లకుండా హ్యాండిల్ ఒక్కటే మార్చి ఇచ్చాడు. అడగాలని నాకూ తెలియదు.

తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, నల్లటి మురికి కారడం ఆగేదాకా తుడిచాను. దాదాపు గంట పట్టింది. స్ప్రేతో ఆపేస్తే లాభం లేదు, ఉన్న కాస్త జిడ్డునీ అది కడిగేస్తుంది. మళ్లీ గ్రీజు పెట్టాల్సిందే. తెల్ల లిథియం గ్రీజు ఇంట్లో ఉంది, అదే పెట్టాను. తలుపు తెరిచి చివర పట్టుకుని పైకెత్తి చూశాను, బందుల దగ్గర ఆట, అంటే వదులు, పెద్దగా లేదు. ఆట ఉంటే తలుపు కిందికి వాలి లాకు కొక్కేనికి ఒరుసుకుంటుంది, అప్పుడూ హ్యాండిల్ మీదే భారం పడుతుంది.

రెండు రోజులకి కొట్టు తెరిచారు. అదే హ్యాండిల్ అడిగితే కొట్టతను గుర్తుపట్టి "మళ్లీనా అండీ? ఈసారి కంపెనీది తెప్పిస్తానండి, వారం పడతాది" అన్నాడు. వద్దు, ఆ డూప్లికేటే ఇమ్మన్నాను. పాతదాంట్లోంచి తాళం గుండు (తాళంచెవి దూర్చి తిప్పే భాగం) తీసి కొత్తదాంట్లో పెట్టుకోవాలి, లేకపోతే రెండు తాళంచెవులు మోయాలి. గుర్రపు నాడాలాంటి ఒక క్లిప్పు లాగితే అది వచ్చేస్తుంది. రాడ్డు క్లిప్పు మాత్రం కొత్తది అడిగి తీసుకోండి. చవక వస్తువే, పాతది పెళుసెక్కి ఉంటుంది. రాడ్డుని మరీ బిగించకుండా వెంట్రుకవాసి వదులు ఉంచాలి, లేకపోతే లాకు పూర్తిగా పడదు. ఇంకొకటి, తలుపు వేసేముందు తెరిచి ఉండగానే నాలుకని స్క్రూడ్రైవరుతో మూసి, బయటి హ్యాండిల్‌తోనూ లోపలి దానితోనూ తెరుచుకుంటోందో లేదో చూడాలి. నేను నాలుగుసార్లు చూసి అప్పుడు వేశాను.

"టక్" అని పడింది. రెండు వేళ్లతో ఎత్తితే తీసింది. ఎన్నాళ్లుగానో ఆ తలుపు అలా తెరుచుకోలేదు. ఆ రాత్రి ఊరికే వెళ్లి రెండుమూడుసార్లు తీసి వేశాను.

మూడేళ్ల తర్వాత ఈ హ్యాండిల్ ఎలా ఉందంటే, చెవి గట్టిగానే ఉంది, పగులు కనపడదు. కానీ నలుపు ఎండకి వెలిసి బూడిద రంగుకొచ్చింది. కిందటేడు నుంచి స్ప్రింగు సడలింది, ఎత్తి వదిలితే మునుపటిలా చటుక్కున పడదు, గుంతల్లో కొంచెం టకటకమంటుంది. మోజుపడి ఎడమ వైపుకి అదే రకంలో క్రోమ్ పూతది వేయించాను. రెండో వానాకాలానికి పూత పొరలు లేచి వేలికి గుచ్చుకుంది. మా గాలికి క్రోమ్ వద్దు.

కాబట్టి కొనమని చెప్తాను గానీ, నా సంగతి చూసుకుని చెప్తున్నాను. మా కారు రేకుల షెడ్డులో ఉంటుంది, వారానికి రెండు మూడుసార్లు తీస్తాం, రిమోట్ లాకు లేదు, ఏడాదికోసారి గ్రీజు పెట్టే ఓపిక నాకుంది. దిండి వైపు టూరిస్టుల్ని తిప్పుతూ రోజుకి యాభైసార్లు తలుపు తీసి వేసేవాళ్లయితే కంపెనీదే తెప్పించుకోండి. ఏది వేయించినా ప్యాడ్ విప్పినప్పుడే మెకానిక్కు పక్కన నిలబడి లాకు శుభ్రం చేయించండి. ఇంకో వంద అడిగితే ఇచ్చేయండి.

మొన్న గుడికి వెళ్లొచ్చాక ఎడమ తలుపు దగ్గర అమ్మ ఆగి, "ఇది కాస్త బిగుసుకుందిరా" అంది. భుజం ఇప్పుడు నయమే గానీ, ఈ ఆదివారం దాని ప్యాడ్ విప్పుతున్నాను.